కీసర మైలేజీ

పాత కార్లు చూసి, నడిపి, కొనొచ్చో లేదో చెప్పడం నా పని. నందిగామలో ఒక సెకండ్ హ్యాండ్ కార్ల యార్డులో ఇరవై ఆరేళ్ళు అదే చేశాను. అంతకుముందు జగ్గయ్యపేటలో లారీ షెడ్డులో మెకానిక్‌ని. ఈ మధ్య ఈ పనిలోకి కొత్తగా వచ్చిన ఒకరిద్దరు నన్ను కలిసి, మీకు తెలిసింది ఏదైనా చెప్పండి అన్నారు. ఇంజను శబ్దం, మళ్ళీ రంగు వేసిన డోరు, వెనక్కి తిప్పిన మీటరు ఇవన్నీ కనిపెట్టడం వాళ్ళకి నాకన్నా బాగానే వచ్చు. బండికి తగిలిస్తే దాని జాతకమంతా ఫోన్లో చూపించే పరికరాలు వాళ్ళ దగ్గరున్నాయి. నేను చెప్పగలిగింది ఒక్క మైలేజీ సంగతే. అది నాకు బాగా తెలుసని కాదు, నా తప్పుల్లో ఎక్కువ భాగం అందులోనే జరిగాయి.

కుటుంబం కోసం పాత కారు కొనడానికి వచ్చిన మనిషి ముందు రంగు చూస్తాడు. కూర్చుని చూస్తాడు. డిక్కీ తెరిచి చూస్తాడు. తర్వాత నా వైపు తిరిగి అడుగుతాడు: "ఎంతిస్తుందండి?" ఇంకేమీ చెప్పనక్కర్లేదు, అది మైలేజీ గురించే. కారు ఒకసారి కొంటారు, పెట్రోలు ప్రతి వారం కొంటారు. కొన్న కారుని వాడతారా, గుడ్డ కప్పి వసారాలో పెడతారా అన్నది నేను చెప్పే అంకె మీదే ఉంటుంది. ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

కీసర దాకా

మా యార్డు యజమాని సుబ్బారావు గారు. వాళ్ళది తరాలుగా కిరాణా హోల్‌సేలు. కార్ల వ్యాపారంలోకి దిగిన మొదటి మనిషి ఆయనే. మైలేజీ చూపించడానికి ఆయన ఒక పద్ధతి పెట్టారు. హైవే పక్కన బంకులో ట్యాంకు నిండా కొట్టించాలి. విజయవాడ వైపు వెళ్ళాలి. కీసర టోల్ గేటుకు ముందు డివైడర్‌లో సందు వచ్చిన చోట వెనక్కి తిప్పాలి. గేటు దాటితే టోలు కట్టాలి కాబట్టి ఎవరూ దాటరు. వచ్చి అదే బంకులో మళ్ళీ నింపాలి. రానూపోనూ ఇరవై చిల్లర కిలోమీటర్లు. దాన్ని పట్టిన పెట్రోలుతో భాగిస్తే మైలేజీ.

నందిగామలో ఉన్న యార్డులన్నీ ఇదే పద్ధతి పట్టుకున్నాయి. కొనేవాళ్ళు కూడా "కీసర వెళ్ళొచ్చారా?" అని అడిగేవాళ్ళు. వెళ్ళొచ్చామంటే ఇంకో ప్రశ్న ఉండేది కాదు.

ఈ పద్ధతిలో తప్పులు నాకు మొదటి ఏడాదే తెలుసు. ఇరవై కిలోమీటర్లకు పట్టేది లీటరు పైన కొంచెం. బంకులో గన్ ఒక్క క్షణం ముందు ఆగినా, వెనక ఆగినా అంకె రెండు మూడు కిలోమీటర్లు మారిపోతుంది. పైగా మేము పొద్దున్నే వెళ్ళేవాళ్ళం. ఏసీ వేసేవాళ్ళం కాదు. నేనొక్కణ్ణి, మహా అయితే కొనే మనిషి. అరవై దగ్గర టాప్ గేరులో పెట్టి బ్రేకు ముట్టుకోకుండా పోవడమే. అలా నడిపితే ఏ బండైనా మంచి బండే.

ఒకసారి సుబ్బారావు గారితో అన్నాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ, "సరుకు చూపించేటప్పుడు పైన మంచి గింజ పెడతాం ప్రసాదూ. అది మోసం కాదు, మర్యాద" అన్నారు.

ఆయన చెడ్డ మనిషి కాదు. ముంపులో తేలిన కారుని మాత్రం ఎంత లాభం వచ్చేదైనా యార్డులోకి రానివ్వలేదు. ప్రమాదంలో చాసిస్ వంగిన బండిని అమ్మలేదు. కానీ మైలేజీ దగ్గర ఆయనకు పట్టింపు లేదు, అది కొన్నవాడి కాలి కింద ఉంటుంది కదా అనేవారు. నేనూ అలాగే అనుకున్నాను. ఏళ్ళ తరబడి కీసర మైలేజీ చెప్పాను.

మా ఆవిడ సుశీల నందిగామ శాఖా గ్రంథాలయంలో పనిచేసేది. నా పని గురించి ఆమె పెద్దగా మాట్లాడేది కాదు. ఒకసారి మాత్రం, కీసర దాకా వెళ్ళొస్తే బండి సంగతి తెలిసిపోతుందని నేనంటే, "అట్ట వెనకాల రాసింది చదివి పుస్తకం బాగుందని చెప్పినట్టుంది" అంది. నేను నవ్వేసి ఊరుకున్నాను.

బియ్యం బస్తాలు

అసలు కథకి వెళ్ళే ముందు ఒక చిన్న సంగతి. జగ్గయ్యపేటలో బట్టల కొట్టు ఉన్న ఒకాయన మా దగ్గర పెట్రోలు సెడాన్ కొన్నారు. ఆరు నెలల తర్వాత కారేసుకుని వచ్చి మండిపడ్డారు.

"పదహారన్నావు. పన్నెండు దాటట్లేదు. ఇంజనులో ఏం దాచావయ్యా?"

ప్లగ్గులు చూశాను. ఫిల్టరు చూశాను. టైర్లలో గాలి చూశాను, కొంచెం తక్కువగా ఉంది. చక్రం ఎత్తి తిప్పి చూశాను, బ్రేకు పట్టుకోవడం లేదు. చివరికి స్టెపినీ చూద్దామని డిక్కీ తెరిస్తే రెండు బియ్యం బస్తాలు.

"ఇవేంటండీ?"

"ఖాళీగా ఉంటే వెనకాల గెంతుతోందయ్యా. మా ఆవిడకి నడుం నొప్పి. బరువు పెడితే గెంతట్లా."

"ఎన్నాళ్ళ నుంచి?"

"కొన్న వారం నుంచీ."

వెనక షాకబ్జార్బర్లు పోయాయి. అది యార్డుకి కొనేముందే నేను చూడాల్సింది, చూడలేదు. ఆయన దానికి బస్తాలతో వైద్యం చేసుకున్నారు. షాకబ్జార్బర్లు మార్చి, బస్తాలు దింపించి, గాలి సరిగ్గా కొట్టించాక కొంత మెరుగైంది. కానీ పదహారు రాలేదు. పేట బజారులో కొట్టుకీ ఇంటికీ మధ్య రోజుకి నాలుగుసార్లు తిరిగే కారుకి పదహారు ఎక్కడి నుంచి వస్తుంది? ఆ ముక్క ఆయనకి చెప్పలేదు. చెబితే కీసర సంగతి చెప్పాల్సి వస్తుంది.

యోహాను బండి

వీరులపాడు అవతల, నందిగామకి పదహారు కిలోమీటర్ల దూరంలో ఒక ఊరు. అక్కడి నుంచి యోహాను అనే రైతు ఒక జూన్ నెలలో యార్డుకి వచ్చాడు. రెండెకరాలు సొంతం, రెండు కౌలు. పత్తి, మిర్చి వేస్తాడు. భార్య కరుణమ్మ. ఒక్కతే కూతురు, ఎస్తేరు. నందిగామలో డిగ్రీ మూడో ఏడు చదువుతోంది, లెక్కలు. చిన్నప్పటి నుంచి ఎడమ కాలు సన్నం. దానికి ఇనప పట్టీల బూటు, చంకలో ఒక కర్ర. మొదటి రెండేళ్ళు హాస్టల్లో ఉంది. ఆ ఏడు గదులు పై అంతస్తుకి మార్చారు. రోజుకి నాలుగైదుసార్లు ఆ మెట్లు ఎక్కి దిగడం ఆమె వల్ల కాలేదు. ఊరి బస్సు మెట్టు ఎత్తు, పైగా ఆ జనం. షేర్ ఆటోలో కర్ర పట్టుకుని కూర్చునే చోటు ఉండదు. అందుకని కారు. కారు ఉంటే చదువు ఉంటుంది, లేకపోతే ఆఖరి ఏడాది ఆగిపోతుంది. ఆ సంగతి యోహాను మొదటి పది నిమిషాల్లోనే చెప్పాడు.

నేను విన్నాను. విని ఏడు సీట్ల డీజిలు బండి చూపించాను. ఎత్తుగా ఉంటుంది, డోరు పెద్దది, అమ్మాయి ఎక్కడానికి వీలు. యోహానుకి కూడా అదే నచ్చింది, ఆదివారం మందిరానికి చుట్టాలందరూ పడతారు.

"ఎంతిస్తుందన్నా?"

"పద్దెనిమిది. కీసర వెళ్ళొచ్చా."

అబద్ధం కాదు. నేనే నడిపాను.

నెల తిరక్కముందే ఫోను వచ్చింది. "అన్నా, పన్నెండు. ఒక్కోసారి పదకొండున్నర." రమ్మన్నాను. ఆదివారం ముగ్గురూ వచ్చారు. నేను గాలి చూస్తుంటే అమ్మాయి కారులోంచి దిగకుండానే అద్దం దించి అడిగింది.

"అంకుల్, మీరు చెప్పిన పద్దెనిమిది ఎవరికొచ్చింది?"

"నాకే వచ్చిందమ్మా. నేనే నడిపా."

"ఎక్కడ?"

"కీసర దాకా."

"మా కాలేజీ కీసరలో లేదుగా అంకుల్."

"ఏయ్, పెద్దాయనతో ఏంటా మాటలు" అన్నాడు యోహాను. అంటూనే మొహం అటు తిప్పుకుని నవ్వాడు. నాకు కోపం వచ్చింది. ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్నవాడికి ఇరవై ఏళ్ళ పిల్ల చెప్పేదేంటని. ఎయిర్ ఫిల్టరు మార్చాను, గాలి కొట్టించాను, క్లచ్ మీద కాలు పెట్టి నడపొద్దని యోహానుకి ఒక ఉపన్యాసం ఇచ్చి పంపాను. పన్నెండు పన్నెండున్నర అయింది.

అక్టోబరు ఆఖర్లో నేనే ఫోను చేశాను.

"పదిహేడొస్తందన్నా ఇప్పుడు" అన్నాడు యోహాను. గొంతులో పెద్ద సంతోషం లేదు. నేను పట్టించుకోలేదు. నా గొంతులో సరిపడా ఉంది. ఆ రోజు యార్డులో అందరికీ చెప్పాను: బండిలో లోపం లేదు, నడపడంలోనే, నేను చెప్పాక చూడండి ఎలా దారికొచ్చిందో అని. ఇంటికెళ్ళి సుశీలకి కూడా చెప్పాను.

నాలుగు రోజుల తర్వాత మధ్యాహ్నం భోజనం దగ్గర సుశీల అడిగింది. "మీ డీజిలు బండి అమ్మాయి, వీరులపాడు వైపు, ఎస్తేరు కదూ?"

"అవును. పదిహేడొస్తోందన్నానే, వాళ్ళే."

"ఆ అమ్మాయి తీసుకెళ్ళిన పుస్తకాలు ఇవాళ ఇంకో పిల్ల తెచ్చి ఇచ్చింది. తను కాలేజీకి రావట్లేదంట. నెల రోజులుగా ఒక్క రోజు కూడా రాలేదంట."

నేను మజ్జిగ పోసుకుంటున్నాను.

"పదిహేడు ఎందుకొచ్చిందో కనుక్కున్నారా?" అంది.

చివరి గడి

ఆదివారం సాయంత్రం ఇద్దరం వాళ్ళ ఊరు వెళ్ళాం. బండి వసారాలో ఉంది, మీద ఎరువుల సంచులు విప్పి కుట్టిన కవరు. కరుణమ్మ టీ ఇచ్చింది. యోహాను నేల చూస్తూ కూర్చున్నాడు. సుశీల నేరుగా అమ్మాయి దగ్గరికి వెళ్ళి మంచం మీద కూర్చుంది.

ఎస్తేరు ఒక నోటు పుస్తకం తెచ్చి నాకిచ్చింది. కారు కొన్న రోజు నుంచి రాసింది. ట్యాంకు నింపిన ప్రతిసారీ ఒక వరుస. తారీకు, మీటరు, లీటర్లు, మైలేజీ. చివర ఇంకో గడి ఉంది. దానికి పైన "ఎవరు" అని రాసుంది. ఆ నింపుడుకీ ముందు నింపుడుకీ మధ్య బండిలో తిరిగింది ఎవరు అని.

జూన్, జులై, ఆగస్టుల్లో: నాన్న, నేను. నాన్న, నేను. పన్నెండు, పదకొండున్నర, పన్నెండు.

అక్టోబరులో: నాన్న, నాయనమ్మ. నాన్న. నాన్న, నాయనమ్మ. పదహారున్నర, పదిహేడు, పదిహేడు.

యోహాను తల్లికి విజయవాడలో కంటి ఆపరేషను చేయించారు. ఆ నెలంతా బండి హైవే మీద తిరిగింది. అమ్మాయి ఇంట్లో ఉంది. డీజిలు అటూ ఇటూ సరిపోక, తనే మానుకుంది.

"నువ్వు మానమన్నావా?" అని యోహానుని అడిగాను.

"నేనెందుకంటానన్నా. అదే అంది, ఈ వారం వద్దులే నాన్నా, ఇంట్లో చదువుకుంటా అని. రెండో వారం కూడా అంది. మూడో వారం నేనడగలా."

హాజరు చాలకపోతే పరీక్ష రాయనివ్వరు. అమ్మాయి అప్పటికే లెక్క కట్టుకుంది. ఆ రోజు నుంచి ఒక్క రోజు కూడా మానకుండా వెళ్తే సరిపోతుంది. ఇంకో వారం పోతే సరిపోదు.

మైలేజీ పెరిగిందని ఎవరైనా చెబితే, బండిలోంచి ఎవరు దిగిపోయారో అడగాలని నేను ఆ మంచం పక్కన నేర్చుకున్నాను. అప్పటికి ఈ పనిలో పంతొమ్మిదేళ్ళు గడిచాయి.

నాలుగు ట్రిప్పులు

మర్నాడు సెలవు పెట్టి రోజంతా వాళ్ళ బండిలో కూర్చున్నాను. వెనక సీట్లో, నోరు మూసుకుని.

ఊరి నుంచి నందిగామ చేరేలోపల స్పీడ్ బ్రేకర్లు ఇరవై మూడు. పత్తి ట్రాక్టర్ల వెనక రెండో గేరు, గేదెల వెనక మొదటి గేరు. నాలుగో గేరు పడ్డది రెండుచోట్ల. కాలేజీ గేటు దగ్గర అమ్మాయి దిగి, కర్ర సర్దుకుని, లోపల వరండా ఎక్కేదాకా యోహాను ఇంజను ఆపడు. పడిపోతే పరుగెత్తాలని. అక్కడే ఏడెనిమిది నిమిషాలు.

ఇదంతా నేను ఊహించిందే. ఊహించనిది తర్వాత జరిగింది. అమ్మాయిని దింపి యోహాను బండి ఇంటివైపు తిప్పాడు. చేలో పనుంది, నందిగామలో కూర్చుంటే కుదరదు. మధ్యాహ్నం మూడింటికి మళ్ళీ ఖాళీ బండితో బయల్దేరాం.

"ఈ ట్రిప్పే అన్నా నాకు ఒళ్ళు మండేది" అన్నాడు. "పొద్దున ఖాళీగా రావడం, ఇప్పుడు ఖాళీగా పోవడం. అమ్మాయి కూర్చున్నప్పుడు తాగితే తాగనియ్."

పదహారు పోను, పదహారు రాను, ముప్పై రెండు అనుకున్నాను నేను జూన్‌లో. నిజానికి రోజుకి అరవై నాలుగు. అందులో సగం దూరం బండిలో చదువుకునే మనిషి లేదు. పద్దెనిమిది వచ్చే బండి ఇచ్చినా ఈ ఇల్లు మోయలేదు. నేను లీటరుకి ఎన్ని కిలోమీటర్లో చూశాను. రోజుకి ఎన్ని కిలోమీటర్లో అడగలేదు.

ఆ సాయంత్రం తిరిగి వస్తుంటే ఇదే ఎస్తేరుకి చెప్పాను, పెద్ద కనిపెట్టినట్టు.

"తెలుసు అంకుల్. నేనెప్పుడో రాసుకున్నా. నాలుగు ట్రిప్పులు రెండు కావాలంటే బండి పొద్దుట్నుంచీ కాలేజీలోనే ఉండాలి. అంటే నాన్న అయినా అక్కడుండాలి, లేకపోతే నేనే నడపాలి. నా ఎడమ కాలే పనిచెయ్యంది. కుడి కాలు బానే ఉంది. మీ యార్డులో ఎడమ కాలితో పనిలేని బండి ఉందా?" అంది.

ఉంది. చిన్న పెట్రోలు ఆటోమేటిక్. ఎత్తు సీట్లు. ఏడు నెలల నుంచి గోడ పక్కన ఎండకి మాడుతోంది. క్లచ్ ఉండదు కాబట్టి ఎడమ కాలు ఊరికే ఉంటుంది. దాన్ని ఎవరూ కొనకపోవడానికి కారణం నేనే. అడిగిన ప్రతి కుటుంబానికీ, "ఆటోమేటిక్ వద్దండి, తాగేస్తుంది" అని చెప్పాను. కీసర దాకా కూడా తీసుకెళ్ళలేదు.

యోహాను బండి పక్కకి ఆపేశాడు.

"ఆడపిల్లవి. కాలు చూస్తే అది. దారిలో బండి ఆగిపోతే ఏం చేస్తావే?"

"నువ్వున్నప్పుడు ఆగితే ఏం చేస్తావ్ నాన్నా?"

"అన్నకి ఫోన్ చేస్తా."

"నేనూ అదే చేస్తా."

నన్ను అడగలేదు, ఇద్దరూ నిర్ణయించేశారు. యోహాను ఇంకో రెండు కిలోమీటర్లు గొణిగాడు, తర్వాత మానేశాడు.

లీటరు, రోజు

ఆ ఆటోమేటిక్‌ని మొదటిసారి నేను కీసర వైపు కాకుండా వీరులపాడు వైపు తీసుకెళ్ళాను. అమ్మాయి, తండ్రి, వెనక నేను. ఏసీ వేసి. అవే ఇరవై మూడు స్పీడ్ బ్రేకర్లు. ట్యాంకు నుంచి ట్యాంకుకి మూడు రోజులు అలా తిప్పితే పద్నాలుగు వచ్చింది. డీజిలు బండి ఆ దారిలో పన్నెండు. పెద్ద తేడా కాదు. కానీ డీజిలు రోజుకి అరవై నాలుగు తిరగాలి, అయిదు లీటర్ల పైన. ఇది ముప్పై రెండు తిరిగితే చాలు, రెండు లీటర్ల చిల్లర.

తాగేస్తుందని నేను పదిమందికి చెప్పిన బండి ఆ ఇంట్లో సగం కన్నా తక్కువ తాగుతుంది. అది గోడ పక్కన ఉన్న బండే, దారీ పాతదే. ప్రశ్న మారింది.

సుబ్బారావు గారి దగ్గరికి భయపడుతూ వెళ్ళాను, డీజిలు వెనక్కి తీసుకుని అది ఇవ్వాలని.

"ఆ గోడ పక్కదా? దండేసి పంపుతా, తీస్కపో" అన్నారు. "డీజిలు రేపే పోతుంది. ఇది ఎవడడిగాడు?" కాసేపు నన్ను చూసి, "ఏంటయ్యా, ఇంకా ఏదో ఉంది మొహంలో" అన్నారు.

కీసర పద్ధతి మానేద్దామన్నాను. కొనే మనిషి రోజూ తిరిగే దారిలోనే ఒక పూట తిప్పి చూపిద్దామన్నాను.

"పది మంది వచ్చి పది ఊళ్ళు తిప్పితే యార్డులో బండేం మిగులుద్ది? టైర్లు నువ్వు వేయిస్తావా?"

ఒప్పుకోలేదు. ఆయన లెక్కలో ఆయన తప్పు కాదు. ఆయన పోయేదాకా యార్డు పద్ధతి కీసరే. నేను మాత్రం ఆ తర్వాత అంకె చెప్పే ముందు ప్రశ్నలు అడగడం మొదలుపెట్టాను. రోజూ ఎక్కడికి? ఎవరు నడుపుతారు? ఎంతమంది కూర్చుంటారు? తిరిగి ఎలా వస్తారు, ఖాళీగానా? కొందరు విసుక్కున్నారు. "కారు అమ్ముతావా, పెళ్ళి సంబంధం చూస్తావా?" అన్నాడొకాయన. కొందరు ఆ ప్రశ్నలకి జవాబు చెబుతూ చెబుతూ, అసలు మాకు కారు అవసరం లేదేమో అని లేచి వెళ్ళిపోయారు. సుబ్బారావు గారికి ఆ సంగతి చెప్పలేదు.

ఎస్తేరు డ్రైవింగు లైసెన్సుకి టైము పట్టింది. డాక్టరు సర్టిఫికెట్టు, లెర్నింగు, తర్వాత టెస్టు. ఆ నెలన్నర ఆ అమ్మాయి మా ఇంట్లో ఉంది. సుశీల అడగలేదు, ముందు గది సర్దేసి చెప్పింది. పొద్దున ఆరింటికి నేను ఎల్ బోర్డు కట్టిన బండిలో పక్కన కూర్చునేవాణ్ణి. తర్వాత అదే బండిలో కాలేజీ. రాత్రి భోజనాల దగ్గర వాళ్ళిద్దరూ చదివిన పుస్తకాల గురించి వాదించుకునేవాళ్ళు. నన్ను ఎవరూ ఏమీ అడిగేవాళ్ళు కాదు. మాకు పిల్లలు లేరు. ఆ నెలన్నర మా ఇంట్లో చప్పుడు ఉంది.

ఎస్తేరు ఒక్క రోజు మానలేదు. హాజరు సరిపోయింది, పైన రెండు రోజులు మిగిలాయి. పరీక్ష రాసింది, పాసైంది. తర్వాత బీఎడ్ చేసింది. ఇప్పుడు కంచికచర్ల వైపు ఒక హైస్కూల్లో లెక్కలు చెబుతోంది. వేరే కారే, ఆటోమేటిక్కే.

ఎవరు

ఆ అమ్మాయిని చూసి నేనూ మా చిన్న కారుకి నోటు పుస్తకం పెట్టాను. అవే గడులు. చివరి గడిలో చాలా ఏళ్ళు ఒకే మాట ఉంటుంది: ఇద్దరం. మైలేజీ పదిహేను.

సుశీల జబ్బు పడ్డ ఏడాది అంకెలు పడిపోతాయి. పదమూడు, పన్నెండు, ఆఖర్న పదకొండు. బండిలో లోపమేమీ లేదు. విజయవాడ దాకా ఏసీ ఆపకూడదు. నలభై దాటితే కుదుపుకి ఆమెకి నొప్పి. ఆస్పత్రిలో పిలిచేదాకా కారులోనే పడుకోబెట్టి ఇంజను ఆన్‌లో ఉంచేవాణ్ణి. ఒక మెకానిక్‌కి ఆ పదకొండు సిగ్గుచేటు. నేను నడిపిన వాటన్నిటిలో సరైన మైలేజీ అదే.

ఆమె పోయి ఏడాదిన్నర అయింది. పోయిన నెల ఎస్తేరు వచ్చింది. నాకు కాఫీ తనే పెట్టి, అలవాటు ప్రకారం బల్ల మీదున్న నోటు పుస్తకం తీసుకుంది.

"పదిహేడొస్తోందే అంకుల్" అంది, తలెత్తకుండా.

ఒక మనిషి బరువు తగ్గితే అంత తేడా రాదు. ఏసీ వేయడం లేదు. ఎవరికోసమూ బండి ఆన్‌లో పెట్టి ఆగడం లేదు. పొద్దున్నే లేచి ఖాళీ రోడ్డు మీద ఊరికే కొంత దూరం వెళ్ళి వస్తున్నాను. కీసర గేటుకు ముందే తిప్పుకుంటాను. ఆ కారణాలన్నీ చెప్పబోయాను. అప్పటికే ఆ అమ్మాయి వేలు చివరి గడి మీద ఉంది. ఏడాదిన్నరగా ఆ వరుసల్లో ఆ గడి ఖాళీగా వదిలేశాను.

"ఇదెందుకు రాయలేదు?"

"ఏం రాయాలమ్మా?"

పెన్ను నా ముందు పెట్టింది. కాఫీ తాగడం అయ్యాక ఆ వరుసలన్నిట్లో, మొదటి నుంచి, ఒక్కొక్కటే రాశాను. నేను. నేను. నేను. పుస్తకం ఆమెకి తిరిగి ఇచ్చాను. చూసి, లెక్క సరిగ్గానే ఉందన్నట్టు తలూపి, మూసి బల్ల మీద పెట్టింది.